ఆదోనికి పోయే చెక్కభజన

మా అన్న రంగన్న ధర్మాత్ముడని కౌతాళం వైపు ఎవరైనా అంటే వాళ్ళను నా దగ్గరికి పంపండి. నాకు హెచ్‌ఐవి ఉందని బయటపడిన ఏడాది, నేను మంచం దిగలేక పడి ఉంటే, ఆయన వచ్చి బారెడు దూరంలో స్టూలు వేయించుకుని కూర్చున్నాడు. తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని మాట్లాడాడు.

"ఒరే ఉచ్చీరప్పా, పెండ్లాము ఇడిసిపెట్టి పాయె. పిల్లోళ్ళా లేరు. నువ్వు పోయినాక భూమికాడ దాయాదులు కొట్టుకుంటారు. నీ సేత్తో నువ్వే నా పేరుకు రాపిచ్చెయ్. నీకు సమాధి నేను కట్టిస్తా. రాయి గూడ మాట్లాడిపెట్టినా" అన్నాడు.

రాయి కూడా మాట్లాడిపెట్టాడు, చూశారా! తమ్ముడంటే ఎంత ముందుచూపో. నేను ఐదో తరగతిలో బడి మానినవాణ్ణి. సంతకం మాత్రం వచ్చు. బడికి అసలు పోకుండా ఉండుంటే వేలిముద్ర వేసేవాణ్ణి, అంతే తేడా. చచ్చేవాడికి భూమెందుకని పెట్టేశాను.

చావలేదు. అదే వచ్చిన చిక్కు. ఆదోనిలో మాత్రలు మొదలుపెట్టారు. రోజూ మింగాలి, మానకూడదు, నెలనెలా పోయి తెచ్చుకోవాలి. మింగాను. ఒళ్ళు తేరింది, ఆకలి పుట్టింది. ఆకలి తీర్చే భూమి మాత్రం అప్పటికే అన్న పేరు మీద ఉంది. ఆయన నా మడిలో వరి కోయిస్తుంటే చూస్తూ కూర్చోలేక ఎమ్మిగనూరు వచ్చి ఒక పాత ఆటో కొనుక్కున్నాను.

కానీ ఈ కథ మా అన్నది కాదు. ఇది మహేశ్వరి కడుపులోని బిడ్డ కథ, ఆమె అత్త భీమమ్మ కథ, తప్పదు కాబట్టి కొంత నా మోకాళ్ళ కథ.

ఎమ్మిగనూరులోనూ మాత్రలు ఇస్తారు. కానీ ఉన్న ఊళ్ళో, ఆసుపత్రిలో ఆ మాత్రల గది ముందు నిలబడితే సాయంత్రానికల్లా మగ్గాల వీధిలో నేసేవాళ్ళు, పడుగు పోసేవాళ్ళు అందరూ మన గురించే మాట్లాడుకుంటారు. అందుకని మేము ఆదోని పోతాము. ఆదోని వాళ్ళేమో ఇదే భయంతో ఎమ్మిగనూరు వస్తారు. నెలకొకసారి కోటేకల్ దగ్గర మా ఆటో, వాళ్ళ ఆటో ఎదురుపడతాయి. అందులో అబ్దుల్ రహీమ్ అని పరుపులు కుట్టేవాడు ఉంటాడు.

"మా ఊరు బాగుండాదా అన్నా?" అని నేను అరుస్తాను.

"మా ఊరు ఎట్లుండాదో సూసి సెప్పు!" అని ఆయన అరుస్తాడు.

నా ఆటోలో వచ్చేది ముగ్గురు. తిరుపాల్ మగ్గం నేస్తాడు, నోరు విప్పడు. జొహరాబీ గాజులమ్ముతుంది, నోరు మూయదు. మూడోది మహేశ్వరి, మా అందరికంటే చిన్నది. ఆమె మొగుడు మారుతి బెంగళూరులో సెంట్రింగు పని చేస్తాడు. వాడికీ ఉంది, వాడు అక్కడే మాత్రలు తీసుకుంటాడు. మొగుడూ పెళ్ళాలకు ఒకరి సంగతి ఒకరికి తెలుసు. వాడి తల్లి భీమమ్మకే తెలియదు.

మమ్మల్ని కనిపెట్టుకుని ఉండేది ఆదోని శేషన్న. ఆయనా మాలాంటివాడే. మాత్రలు మానినవాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ మోపెడ్ మీద తిరగడమే ఆయన పని. మహేశ్వరి నెల తప్పినప్పుడు ఆయన మా అందరి ముందే చెప్పాడు. "అమ్మా, మాత్ర ఇడవకుండా మింగితే బిడ్డకు రాకుండా సూసుకోవచ్చు. ఇడ్సినావంటే మాత్రం నేనేం సెప్పలేను." ఆ రోజు నుంచి ఆ బిడ్డ మా ఆటోలో ఐదో మనిషి అయింది. గుంతలు చూసి నడపడం నాకు అప్పుడే అలవాటయింది.

ఏడో నెలలో భీమమ్మ ఆటోకు అడ్డం వచ్చి నిలబడింది.

"ఇదేందిమే నెలనెలా ఆదోని? కడుపుతో ఉన్నదానివి, ఈ కుదేసే ఆటోలో యాడికి పోతాండావు? ఈ పొద్దు సెప్పినాకే కదలాల."

మహేశ్వరి మా వైపు చూసింది. తిరుపాల్ నోరు విప్పే రకం కాదు. నేను ఇంజను పట్టుకోనట్టు ఊరికే లాగుతూ కూర్చున్నాను. జొహరాబీ తల బయటపెట్టింది.

"చెక్కభజన నేర్సుకునేకి పోతాండాము పెద్దమ్మా."

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందని ఇప్పుడడిగినా జొహరాబీ చెప్పలేదు.

"భజనా? నువ్వు సాయిబులామెవు, నువ్వు భజన సేస్తావా?"

"ఏం పెద్దమ్మా, పీర్ల పండక్కి మీ ఆయన మా పీరును ఎత్తుకొని అగ్గి తొక్కలేదా? ఆయప్ప అగ్గి తొక్కితే తప్పు లేదు, నేను రెండు చెక్కలు కొడితే తప్పొచ్చిందా?"

 ఆ మాటకు భీమమ్మ ముఖం మారిపోయింది. మాకు తెలియని సంగతి ఒకటుంది. చచ్చిపోయిన ఆమె మొగుడు చెక్కభజన గురువు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన అడుగు వేస్తే దుమ్ము కూడా తాళానికే లేచేదట. ఆయన పోయినాక చెక్కలు అటక మీదికి పోయాయి.

"గురువెవరు?" అంది, గొంతు తగ్గించి.

"శేషన్న" అన్నాను నేను. నా నోటికి ఇంకో పేరు దొరకలేదు.

"పోయి రాండి. పిల్లను ఎగరనియ్యొద్దు. పాట పాడనీండి సాలు."

ఆ నెల గట్టెక్కింది. మరుసటి నెల నేను ఆటో తెచ్చేసరికి భీమమ్మ వాకిట్లో సిద్ధంగా ఉంది. తలకు నూనె రాసుకుని, కొత్త కోక కట్టుకుని, చంకలో సంచి పెట్టుకుని. సంచిలోనుంచి గజ్జెల చప్పుడు వస్తోంది.

"మీ గురువును సూడాల. జరుగు తిరుపాలూ, ముందర కూకో."

మహేశ్వరి నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. ఆమె మాత్రలు నిన్నటితో సరి. అదిగాక ఆ రోజు రక్తపరీక్ష ఉంది. రక్తంలో ఆ పురుగు ఎంతుందో చూసి, దాన్నిబట్టి కాన్పు సంగతీ, పుట్టిన బిడ్డకు పోసే మందు సంగతీ తేల్చుకుంటామన్నారు. ఆ రోజు తప్పిపోతే బిడ్డకు ముప్పు. ముసలామెకు తెలిసిపోతే, ఆ పిల్లకు ఇల్లే ఉంటుందో ఉండదో.

పెట్రోలు పోయించే నెపంతో బంకు వెనక్కి పోయి శేషన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, నువ్వు చెక్కభజన గురువు."

"పొద్దున్నే తాగినావా ఉచ్చీరప్పా?"

"అరగంటలో వస్తాండాము. ముసలామె గూడ వస్తాండాది. ఏదన్నా సెయ్ అన్నా."

పాపం, ఏదో ఒకటి చేశాడు. ఆసుపత్రికి దగ్గర్లో మూతపడిన పాత జిన్నింగు మిల్లు ఒకటుంది. ఆ ఆవరణలో తలకు ఎర్ర తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో వడ్రంగి దగ్గర అడుక్కొచ్చిన రెండు పలక ముక్కలు. ఒకదానికి మేకు ఇంకా ఉంది.

భీమమ్మ ఆ మేకును చూసింది. "ఇదేంది గురువా?"

"ఇది... ఆదోని పద్ధతమ్మా" అన్నాడు శేషన్న.

తర్వాత అడుగు వేశాడు. ఎండాకాలం తారురోడ్డు మీద చెప్పులు పోగొట్టుకున్నవాడు కూడా అంత ఘోరంగా ఎగరడు. జొహరాబీ కొంగు నోట్లో కుక్కుకుంది. భీమమ్మ కొంతసేపు ఓర్చుకుంది. ఆ తర్వాత సంచి విప్పి మొగుడి చెక్కలు బయటికి తీసింది.

"జరుగప్పా. నీకు ఎవరు నేర్పిచ్చినారో గానీ ఆయప్పకు నీ మీద ఏదో పగ ఉండాది."

అప్పుడు మొదలైంది. ఆమె చెక్కలు కలిపింది. ఆ పాత గోడల మధ్య ఆ చప్పుడు పడేసరికి కప్పు మీది పావురాలన్నీ లేచాయి. ఆ వయసులో ఆమె కాలు అంత తేలిగ్గా ఎట్లా లేచిందో నాకు తెలియదు. మొగుడు కట్టిన పాటేనట, గొంతెత్తుకుంది.

"మెట్ట పొలమయ్యా నాది, వాన రాదయ్యా,
ఉరుకుంద ఈరన్నా, నువ్వు రావయ్యా!"

ఇదే సందు. మహేశ్వరి "నీళ్ళు తాగొస్తా అత్తా" అని శేషన్న వెంట జారుకుంది. కొంతసేపటికి జొహరాబీ నమాజుకని పోయింది. తిరుపాల్ ఏమీ చెప్పకుండానే పోయాడు. చివరికి మిగిలింది నేను, ముసలామె.

"ఈళ్ళంతా యాడికి పోయిరి?"

"వస్తారు పెద్దమ్మా. నువ్వు నాకు సెప్పు."

"ఒక్కనితో గుండ్రం యాడ తిరుగుతాది?"

"నేనే గుండ్రంగా తిరుగుతా."

తిరిగాను. యాభై దగ్గరపడిన మనిషిని, ఆటో తోలి తోలి మోకాళ్ళు బిగుసుకుపోయినవాణ్ణి. "వంచు! ఇంకా వంచు! బర్రె పండుకునేకి ముందర వంచుతాది సూడు, అట్ల వంచు!" అని ఆమె కేక. పడ్డాను. లేచాను. చెమట కళ్ళలోకి కారుతుంటే, ఆ పిల్ల చేతికి సూది పడిందా లేదా అని గేటు వైపు చూస్తూ ఎగిరాను. నా బతుకులో అంత మనసుపెట్టి ఏ పనీ చేయలేదు, సంతకం తప్ప.

ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. మహేశ్వరి నాకు కనిపించేలా సంచి తట్టింది. మాత్రలు వచ్చాయి. నేనూ పోయి నా పని చూసుకుని వచ్చాను. గెలిచామనుకున్నాను.

ఇంటికి పోతూ కోటేకల్‌లో టీకి ఆగాము. భీమమ్మ మంచి హుషారు మీద ఉంది. గ్లాసు అందుకోవడానికి మహేశ్వరి చెయ్యి చాపింది. జొహరాబీ చాపింది. తిరుపాల్ చాపాడు. నేనూ చాపాను. భీమమ్మ చూపు ఒక చేతి మీదినుంచి ఇంకో చేతి మీదికి పోయింది.

"అందరికీ మోచేతి మడతలో దూదేంది?"

ఆ రోజు అందరికీ రక్తం తీశారు. దూది పెట్టి పట్టీ అంటించారు. ఆ హడావుడిలో తీసి పారేయాలని ఒక్కరికీ తోచలేదు.

జొహరాబీ నోరు తెరిచింది. "అదీ... ఆదోని కదా పెద్దమ్మా. పత్తి ఊరు. గాలికి ఎగుర్తాంటాది."

"ఎగిరొచ్చి నలుగురికీ ఒకే తావ పడ్తాదా? పడి, దాని మీద పట్టీ గూడ అదే యేసుకుంటాదా?"

సరిగ్గా అప్పుడే అబ్దుల్ రహీమ్ ఆటో ఎదురొచ్చింది. "మా ఊరు ఎట్లుండాదన్నా?" అని అరుచుకుంటూ పోయాడు. 

మహేశ్వరి గ్లాసు కింద పెట్టింది.

"అత్తా, నాకు హెచ్‌ఐవి ఉండాది. మీ కొడుక్కీ ఉండాది. మాత్రల కోసరమే పోతాండా. భజన లేదు, ఏం లేదు."

"నాక్కూడా పెద్దమ్మా" అంది జొహరాబీ.

"నాక్కూడా" అన్నాడు తిరుపాల్. ఆయన గొంతు విని మేమే ఉలిక్కిపడ్డాము.

నేను తల ఊపాను.

భీమమ్మ కోడలి కడుపు వైపు చూసింది. "బిడ్డకు?"

"మాత్ర ఇడవకుంటే రాకుండా సూడొచ్చన్నారు. ఇంతవరకూ ఒక్కటీ ఇడవలేదత్తా. నిన్నటితో అయిపోయినాయి. ఈ పొద్దు తెచ్చుకున్నా."

"నేను ఆ పొద్దు నిన్ను ఆటో ఎక్కనియ్యకుంటే?"

 భీమమ్మ లేచి ఆటో ఎక్కింది.

 అంతా అయిపోయింది, ఆ పిల్లను ఈ రాత్రికే వెళ్ళగొడుతుంది అనుకున్నాను. అద్దంలో వెనక్కి చూశాను. మా అన్న స్టూలు వేసుకున్నంత దూరం ఆటోలో ఎక్కడిది? కావాలంటే మధ్యలో జొహరాబీని కూర్చోబెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు. భీమమ్మ కోడలి భుజానికి భుజం ఆనించి కూర్చుంది. గుంత వచ్చినప్పుడల్లా చెయ్యి చాపి ఆ కడుపుకు అడ్డం పెడుతోంది. నేను అద్దంలోనుంచి చూపు తిప్పుకుని రోడ్డు చూశాను. రోడ్డు సరిగా కనిపించలేదు, దుమ్ము పడి ఉంటుంది.

ఇంటి దగ్గర దిగి నా ముందుకు వచ్చింది.

"ఉచ్చీరప్పా, ఆ భజన అబద్ధమేనా?"

"అబద్ధమే పెద్దమ్మా."

"రోగం దాసుకుంటారు. ఎవరైనా దాసుకుంటారు. నేనైనా దాసుకుందును. భజన మీద అబద్ధమాడతారా? మా ఆయన పాట నాతో పాడిచ్చి, అబద్ధమంటారా?" ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "బేస్తవారం సాయంత్రం అందరూ మా వాకిట్లో ఉండాల. అబద్ధాన్ని మీరే నిజం సెయ్యాల. రానోని కాళ్ళు ఇరగ్గొడ్తా. నీ మోకాళ్ళు మొదలు."

పోయాము. పోకేం చేస్తాము? ఆమె పెట్టిన నియమం ఒకటే. మాత్ర చూపించి, ఆమె ఎదుటే మింగినాకనే చెక్కలు చేతికిస్తుంది. "మింగినావా? నోరు తెరువు. నాలిక పైకెత్తు" అని తిరుపాల్ లాంటివాడి నోరు కూడా తెరిపించింది.

ఈ సంగతి తెలిసి శేషన్న ఎగిరి గంతేశాడు. ఆ గంతు కూడా తాళం తప్పింది. మాత్రలు మానేసి దాక్కున్నవాళ్ళను ఒక్కొక్కరినే పట్టుకొచ్చాడు. పద్మ అనే ఆమె, ఇంట్లో ఏం చెప్పి ఆదోని పోవాలో తెలియక మానేసిందట. ఇప్పుడు అడిగితే "భజనకు" అంటుంది. భజనకు పోవద్దని మా సీమలో ఏ అత్త అంటుంది? ఆదోని అబ్దుల్ రహీమ్ కూడా ఎమ్మిగనూరు వచ్చిన రోజున సాయంత్రం దాకా ఉండి తాళం వేసి పోతాడు. వీధిలోవాడొకడు, ఏ రోగమూ లేనివాడు, నేనూ చేరతానని వచ్చాడు. "నీకు అర్హత లేదు పో" అంది భీమమ్మ. తన గొంతు బాగాలేదనుకుని వాడు ఇప్పటికీ అలిగి ఉన్నాడు.

మహేశ్వరి రక్తంలో పురుగు కనిపించనంత తక్కువకు దిగిందని తెలిసింది. బిడ్డ ఆదోనిలో పుట్టింది. ఆడపిల్ల, భీమమ్మ మాదిరే పుట్టీ పుట్టగానే కేకలు. వేళకు చుక్కల మందు పోసే పని ముసలామే తీసుకుంది. ఆరు వారాలకు బిడ్డ మడమ మీద సూది పొడిచి రక్తం పంపించారు. జవాబు వచ్చేదాకా వాకిట్లో భజన ఆగలేదు గానీ, ఎవరి అడుగూ సరిగా పడలేదు. భీమమ్మ తిట్టనూ లేదు.

ఒక బేస్తవారం మేము గుండ్రంలో ఉండగా శేషన్న మోపెడ్ వచ్చింది. స్టాండు వేయడం మరిచి దిగేశాడు. మోపెడ్ అటు పడింది, ఈయన ఇటు పరిగెత్తుకొచ్చాడు.

"లేదు! పాపకు లేదు! పెద్దయినాక ఇంకోసారి సూస్తారు గానీ, ఇప్పటికైతే లేదు!"

మహేశ్వరి గడప మీద కూలబడి ఏడ్చింది. జొహరాబీ అల్లాకు, ఈరన్నకు కలిపి ఒకే దండం పెట్టింది. తిరుపాల్, దేవుని సాక్షిగా చెబుతున్నాను, పాట ఎత్తుకున్నాడు. భీమమ్మ బిడ్డను నా చేతుల్లో పడేసి, చెక్కలు అందుకుని గుండ్రం మధ్యలోకి దూకింది. ఆ పొద్దు ఎవరి మోకాళ్ళూ నొయ్యలేదు.

శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి జాతరలో మా బృందం ఆడింది. మారుతి కూడా బెంగళూరునుంచి వచ్చాడు. తలకు పసుపు గుడ్డలు, కాళ్ళకు గజ్జెలు. జనం ఈలలు వేశారు. నేను ఎగిరి కాలు మార్చి దిగేసరికి ఎదురుగా, జనంలో, మా అన్న రంగన్న. నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

ఆట అయ్యాక దగ్గరికి వచ్చాడు. భీమమ్మ గజ్జెలు విప్పుకుంటూ పాపను నా చేతికిచ్చింది. పాప నా చొక్కా తడిపే పనిలో ఉంది.

"ఒరే ఉచ్చీరా... నువ్వేనా? ఎగురుతాండావే!"

"నేనే అన్నా. నా సమాధి రాయి ఏమాయె?"

"ఏ రాయి? ఓ, అదా..." అటూ ఇటూ చూశాడు. "వాకిట్లో యేసుకున్నా. గుడ్డలుతికేకి."

"ఉతికేకి బాగుండాదా?"

 భీమమ్మ తల ఎత్తింది. "ఎవురప్పా ఈయప్ప?"

"మా అన్న పెద్దమ్మా. నేను సస్తానని నా భూమి రాపిచ్చుకున్నోడు."

భీమమ్మ చెక్కలు చేతికి తీసుకుంది. భజనకు కాదని మా అన్నకు కూడా అర్థమైంది. ఆమె లేచేలోపల జనంలో కలిసిపోయాడు. జొహరాబీ వెనకనుంచి ఈల వేసింది. మేము నవ్విన నవ్వుకు పాప ఉలిక్కిపడి, తర్వాత అది కూడా నవ్వింది.

"ఎంత భూమిరా?" అంది భీమమ్మ.

నేను సంతోషంగానే ఉన్నాను, కాదనను. వచ్చే నెల రెండు ఆటోలు ఆదోని పోవాలి, ఒకటి చాలడం లేదు. అంతమాత్రాన మరిచిపోయానని మా అన్న అనుకోకూడదు. చెప్పాను.

"కౌతాళం కాలువ కింద, రెండెకరాల పదిహేడు సెంట్లు."